పేషెంటు ఆట

మొన్న జగిత్యాలలో మా ప్రైమరీ టీచర్లకు ప్రథమ చికిత్స శిక్షణ పెట్టారు. బల్ల మీదున్న గ్లూకోజు డబ్బా మూత ఎవరో తీశారు. ఆ తీపి వాసన ముక్కుకు తగలగానే రెండడుగులు వెనక్కి వేశాను. ఇన్నేళ్లయినా ఆ వాసనంటే నాకు భయమే.

మా తంగళ్ళపల్లిలో రాత్రింబవళ్లు సాంచాల మోత. పవర్‌లూమ్‌లను మేము సాంచాలనే అంటాం. గంజి వాసన, నూలు దుమ్ము, బతుకమ్మ రోజుల్లో తంగేడు పూల పచ్చి వాసన, నైవేద్యానికి పల్లీల సత్తు, నువ్వుల సత్తు దంచే రోకళ్ల చప్పుడు, అన్నీ ఆ మోతలోనే కలిసిపోయేవి. మాకు మెల్లగా మాట్లాడడం రాకపోవడం, పొరుగూరి చుట్టాలు మమ్మల్ని గయ్యాళులనుకోవడం దాని పుణ్యమే. నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు మాత్రం ఆ మోత సన్నబడుతూ వచ్చింది. అరుగు మీద బీడీలు చుట్టే మా బాపమ్మ చేతిలో ఆకు అట్లాగే ఆపి చెవి ఒగ్గేది.

"ఇయ్యాల ఇంకో సాంచ ఆగింది. ఇన్నవా బిడ్డా?"

నాకేమీ తేడా తెలిసేది కాదు.

ఆ రోజుల్లోనే మా టీచరమ్మ జగిత్యాల వెళ్లి ప్రథమ చికిత్స నేర్చుకుని, ఎర్ర ప్లస్సు గుర్తున్న పెట్టెతో తిరిగొచ్చింది. ప్రతి శనివారం చివరి గంటలో ఒకరిని పేషెంటుగా పడుకోబెట్టి, కాళ్లు ఎత్తిపట్టడం, కట్టు కట్టడం చూపించేది. చివర్న పేషెంటుకు గ్లాసెడు గ్లూకోజు నీళ్లు. ఇంకేముంది, అందరమూ పేషెంట్లమే! కానీ సాంచ నడిపే మల్లేశం బిడ్డ కవితలాగా పడడం ఎవరికీ చేతకాలేదు. కళ్లు తేలేసి, చేతులు వదిలేసి, చప్పుడు లేకుండా కూలిపోయేది. కుళ్లుకుంటూనే చప్పట్లు కొట్టేవాళ్లం. నీళ్లయిపోయాక ఆమె గ్లాసు అడుగున వేలు పెట్టి నాకేది.

సత్తులు దంచే రోజులొచ్చినా మా వాడకట్టులో రోకళ్లు మోగలేదు. మల్లేశం పనిచేసే కార్ఖానాకు తాళం పడిందన్నారు. ఒక సోమవారం ప్రార్థనలో కవిత నా పక్కనే కూలిపోయింది. పకపకా నవ్వాం. టీచరమ్మకూ నవ్వొచ్చింది.

"లే కవితా, ఇయ్యాల శనివారం కాదే."

కవిత లేవలేదు. తెల్లబడిన ఆ పెదవులు చూసి టీచరమ్మ పరుగెత్తుకొచ్చింది. కాళ్లు ఎత్తిపట్టింది, జాకెట్టు గుండీలు వదులు చేసింది. చాలాసేపటికి కవిత కళ్లు తెరిచింది.

"నిన్నటి సంది ఏమన్న తిన్నవా బిడ్డా?" టీచరమ్మ మెల్లగానే అడిగింది, అయినా అందరికీ వినిపించింది.

కవిత మా అందరి వంకా చూసింది. తర్వాత నవ్వింది.

"మంచిగ పడ్డనా టీచర్?"

మేము చప్పట్లు కొట్టాం. టీచరమ్మ కొట్టలేదు. మరునాడు పొద్దున్నే అన్నం గిన్నెతో ఆమె వాళ్లింటికి వెళ్తే తలుపుకు తాళం. ఇంటిల్లిపాదీ సాంచాల పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భీవండికి బస్సెక్కారట. ఆ శనివారం నుంచి పేషెంటు ఆట లేదు. కవిత మళ్లీ రాలేదు.

ఇప్పుడు మా వాడకట్టులో సాంచాలు చాలావరకు పాత ఇనుములో పోయాయి. బాపమ్మ లేదు. సత్తుపిండి ప్యాకెట్లలో దొరుకుతుంది. మొన్నటి శిక్షణలో పేషెంటుగా ఎవరొస్తారని అడిగితే ఒక్కరూ కదలలేదు. నేనే వెళ్లి చాప మీద కూలబడ్డాను. టీచర్లంతా పకపకా నవ్వారు. కళ్లు మూసుకుని పడి ఉన్నా ఆ నవ్వులు ఒక్కొక్కటీ ఎవరివో గుర్తుపట్టగలిగాను.

కవిత కూడా ఆ రోజు నా నవ్వును గుర్తుపట్టే ఉంటుంది.