బి గారు

నిన్న మా కాలేజీ స్టాఫ్ రూములో పక్క కుర్చీలో కూర్చునే తెలుగు మేడమ్‌కు గొంతు పట్టేసింది. ఆవిడ బ్యాగులోంచి చిన్న డబ్బీ తీసి రెండు లవంగాలు బుగ్గన పెట్టుకున్నారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా చేతిలోని పరీక్ష పేపర్లు కనిపించడం మానేశాయి. రెజిమెంటల్ బజార్‌లో మా స్టీలు సామాన్ల దుకాణం వెనక సందు, ఇనుప మెట్లు, పైన ఒకే ఒక్క గది, ఆ గదిలో బుగ్గన లవంగంతో గట్టిగా చదివే శంకరయ్య పెద్దనాయిన కళ్ళముందుకు వచ్చారు. ఆయన మాకు చుట్టం కాదు. మా నాన్న ఆయన్ని శంకరన్న అని పిలిచేవాడు గనుక నాకు పెద్దనాయిన అయ్యారు. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసినా గుర్తు పెట్టుకుని ఉండరు, ఎందుకంటే ఆయన పని బాగా చేస్తే ఎవరికీ కనిపించనిది. ముప్పై ఏళ్ళకు పైగా ఒక ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్‌గా చేశారు.

ప్రూఫ్ చూడటమంటే ఒక్కరే కూర్చుని కళ్ళు చిట్లించుకోవడం అనుకునేదాన్ని నేను. ఆయన ప్రెస్సులో అది ఇద్దరి పని. ఒకరు అచ్చయిన కాగితం పట్టుకుని పైకి చదవాలి, రెండోవారు అసలు కాపీ ముందు పెట్టుకుని వేలు కదుపుతూ వినాలి. చదివేవారు అక్షరాలే కాదు, కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పలకాలి. ఇంగ్లీషైతే పెద్దక్షరం వచ్చిన ప్రతిచోటా ముందు 'క్యాప్' అనాలి. గొంతు ఎండిపోకుండా లవంగం అందుకే. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు నా వ్యాసం ఒకటి ఇలా చదివించి, పేజీకి పదకొండు తప్పులు పట్టుకుని, "రాసినోళ్ళ కండ్లు అబద్ధం చెప్తయి బిడ్డా. చెవులు చెప్పయి" అన్నారు. ఆయన ఇంగ్లీషు పదో తరగతి వరకే. అర్థం తెలియకుండా ఎలా దిద్దుతారని అడిగితే, అర్థం చూసుకోవడానికి రాసినవాళ్ళు ఉన్నారు కదా, అక్షరాన్ని చూసుకునే దిక్కే లేదు అనేవారు.

నా పరిశోధన అంశం చెబితే మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ మాట మారుస్తారు. బానిసత్వం పోయాక అమెరికాలో నల్లజాతి స్త్రీలు కొందరు సొంతంగా బడులు నడిపారు. పిల్లలకు చదువెందుకు, ఎలాంటి చదువు కావాలి అని తమవాళ్ళ పత్రికల్లో వ్యాసాలు రాశారు. వాళ్ళను మంచి పంతులమ్మలుగా తలుచుకుంటారే తప్ప ఆలోచనాపరులుగా లెక్కించరు. అది తప్పని నా వాదన. దాన్ని ఒక వ్యాసంగా రాసి, నల్లజాతి మేధావుల ఆలోచనల చరిత్రకే ప్రత్యేకించిన ఒక అమెరికన్ పత్రికకు పంపాను. అప్పటికే రెండు పత్రికలు కాదన్నాయి. ఫెలోషిప్ గడువు దగ్గర పడింది. నాన్నకు దుకాణంలో తోడు కావాలి. చివరికి నేనే ఆయనకు మాటిచ్చాను, ఇది కూడా వెనక్కి వస్తే పరిశోధన ఆపేసి దుకాణంలో కూర్చుంటానని. గిన్నెలంటే నాకు ద్వేషం లేదు. కాని ఆ మాట ఇచ్చిన రోజు అన్నం సహించలేదు.

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. అవునూ కాదు, కాదూ కాదు. పత్రికవాళ్ళు నా వ్యాసం చదివి చెప్పమని ఇచ్చిన ఇద్దరు పరిశీలకులకూ వాదన నచ్చిందట. అయితే వాళ్ళలో ఒకరు ఒక్క వాక్యంలో నా ప్రాణం తీశారు: ఉటంకింపులు మూలంతో సరిపోలడం లేదు, నెలాఖరులోగా అన్నీ సరిచూసి పంపండి, లేకపోతే ముందుకు తీసుకోలేము. పాత పత్రికల ప్రతులను కంప్యూటర్లో పెద్దవి చేసుకుని, ఒక్కొక్క మాటా చూసి దించుకున్నదాన్ని నేను. ఎక్కడ తప్పానో మూడు రోజులు వెతికినా దొరకలేదు. నాలుగో రోజు పొద్దున్నే ఇనుప మెట్లు ఎక్కాను.

"మొకం గట్ల వెట్టినవేంది? వాపస్ పంపిన్రా?" అన్నారు పెద్దనాయిన.

"పూరా వాపస్ కాదు పెద్దనాయినా. ఆ పంతులమ్మల మాటలు నేను తప్పు రాసిన్నంటున్నరు. నాకేమో ఏ తప్పు కనబడ్తలేదు."

"కనబడది. నువ్వే రాసినవ్ గద. అసలు కాపీ నాకియ్యి, నీది నువ్వు చదువు."

పాత పత్రికల ప్రింట్లు ఆయన ముందు పరిచాను. భూతద్దం తీశారు, డబ్బీ నా వైపు జరిపారు. చదవడం మొదలుపెట్టాను. వ్యాసం నిండా 'బ్లాక్' అనే మాటే కనుక, వాక్యానికి ఒకసారైనా "క్యాప్ బి" అనాల్సి వస్తోంది. రెండు పేజీలయ్యాక ఆయన వేలు ఆపారు. "ఏంది, ఊకె క్యాప్ అంటున్నవ్? రంగు పేరుకు పెద్దక్షరమేంది?"

అది రంగు కాదని, ఒక జాతి పేరని చెప్పాను. ఇండియాకు పెద్ద ఐ రాసినట్టే ఇదీనని, తమ జాతి పేరుకు పెద్దక్షరం ఇవ్వమని వాళ్ళ పెద్దలు ఎన్నో ఏళ్ళు పత్రికలను అడిగీ అడిగీ సాధించుకున్నారని, ఈ పత్రిక నియమాల్లో అది కూడా ఉందని చెప్పాను. ఆయన భూతద్దం పక్కన పెట్టారు.

"మన తెలుగుల పెద్దక్షరం, చిన్నక్షరం లేవు. మర్యాద ఇయ్యాల్నంటే గారు అనాలె. అయితే గిట్ల చెయ్యి. క్యాప్ బి అనకు, బి గారు అను. తొందరగ సుత అయితది."

తొందరగా ఏమీ కాదు, నాకు తెలుసు. ఆయనకు అలా వినాలని ఉంది. ఆ రోజంతా ఆ గదిలో నేను "బి గారు, బి గారు" అని చదువుతూనే ఉన్నాను. కింద సందులో పోయేవాళ్ళు ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుని ఉంటారు. అలా చదువుతూ మొదటి ఉటంకింపు దగ్గరికి వచ్చి "బి గారు" అనగానే ఆయన చెయ్యి లేపారు.

"జెర ఆగు. ఈడ గారు లేడు. చిన్న బి."

వంగి చూశాను. నిజమే. తర్వాతి దాంట్లోనూ చిన్న బి. దాని తర్వాతా అంతే. నాలుగో ఉటంకింపులో, బడిలో నల్లబల్ల మీద పిల్లలు రాసే లెక్కల గురించిన వాక్యంలో, నేను గబగబా "బి గారు, బ్లాక్‌బోర్డ్" అని చదివేసి ఆగిపోయాను. ఆయన నవ్వాపుకోలేక లవంగం మింగారు.

"బల్లకు సుత గారు వెట్టినవా బిడ్డా?"

అప్పుడు గుర్తొచ్చింది. వ్యాసం పంపే రోజు మధ్యాహ్నం, పత్రిక నియమాలు ఆఖరిసారి చూసుకుంటూ, కంప్యూటర్లో ఒక్క మీట నొక్కి చిన్న బి ఉన్న ప్రతి 'బ్లాక్'నూ పెద్ద బి చేసేశాను. నా మాటల్లోనూ, ఆ పంతులమ్మల మాటల్లోనూ, నల్లబల్ల మీదా, నల్లసిరా మీదా. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అయినా మొండితనం పోలేదు. "మర్యాద కోసమే గద పెద్దనాయినా, ఉంటే ఏమైతది?" అన్నాను.

ఆయన దానికి పాత ముచ్చట ఒకటి చెప్పారు. ప్రెస్సులో చేరిన కొత్తలో తన దగ్గరికి ఒక బస్తీ బావి తవ్వించిన వివరాల కరపత్రం వచ్చిందట. చందాలిచ్చిన సేట్ల పేర్లకు ముందు శ్రీ, వెనక గారు. తవ్విన కూలీల పేర్లు కింద ఉత్తగా. ఆయన ప్రూఫులోనే అందరికీ గారు చేర్చారు. యజమాని పిలిచి, కాపీలో లేనిది చేర్చడానికి నువ్వెవడివని తిట్టి, అన్నీ తీయించాడట.

"అప్పుడు నాకు మస్తు కోపమొచ్చింది. తప్పు చేసిన్నని ఇప్పటికీ అనిపియ్యదు. గని అది వేరు, ఇది వేరు. ఆ కూలీలు రాసిన కాయితం కాదది. ఇది ఈ తల్లులు సొంతంగ రాసుకున్నది. చిన్నక్షరమే దొరికిందో, కావాల్ననే పెట్టిన్రో, నీకెర్కనా? నీ మాటల్ల నువ్వు గారు అను, ఎన్నిసార్లన్న అను. వాళ్ళ మాటల్ల చెయ్యి పెట్టకు."

వాళ్ళను ఆలోచనాపరులుగా చూడమని ముప్పై పేజీలు రాసిన నేను, వాళ్ళ అక్షరాన్ని వాళ్ళకు వదిలెయ్యలేకపోయాను. సిగ్గుపడ్డాను, చెప్పుకోవడానికి మొహమాటమేమీ లేదు. నాలుగు రోజులు అలా చదివాం. నా వాక్యాల్లో బి గారు, ఉటంకింపుల్లో వాళ్ళు ఎలా రాస్తే అలా. ఆ తేడా ఎందుకు ఉంచానో వివరిస్తూ ఒక చిన్న పాదసూచిక చేర్చాను. రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. వ్యాసాన్ని తీసుకుంటున్నామని, ఆ పాదసూచిక తమకు ప్రత్యేకంగా నచ్చిందని. నేను దుకాణంలోకి పరుగెత్తి చెబితే నాన్న ఎదురుగా ఉన్న గిరాకీ ఆమెకు గ్లాసు ఒకటి ఊరికే ఇచ్చేశాడు. ఆమె ఎందుకో తెలియక రెండోది కూడా అడిగింది.

పరిశీలకులకు రాసింది ఎవరో తెలియకూడదు కనుక అంతవరకు వ్యాసంలో ఎవరి పేర్లూ ఉండకూడదు. ఇప్పుడు కృతజ్ఞతలు చేర్చుకోవచ్చన్నారు. ఆఖరి ప్రూఫు వచ్చినప్పుడు పేజీలన్నీ పెద్దనాయినతో చదివించాను, ఆ ఒక్క పేరా తప్ప. అచ్చయ్యాక చూసి ఆశ్చర్యపోవాలని దాన్ని దాచి నేనే చూసుకున్నాను. అక్షరాలను కాపాడటం నేర్పిన శంకరయ్య పెద్దనాయినకు అని రాసి, రివాజు ప్రకారం, మిగిలిన తప్పులన్నీ నావే అని ముగించాను.

సంచిక వచ్చిన రోజు మంచి కాగితం మీద ప్రింటు తీయించి పట్టుకెళ్ళాను. కృతజ్ఞతల పేరా నేను చూపిస్తే, ఆయన తన పేరు మీద భూతద్దం పెట్టి, అర నిమిషం చూసి, పిల్లాడిలా వెలిగిపోయారు. ఆనందం పేరు చూసినందుకు అనుకున్నాను. "దొరికింది" అన్నారు. ఇంగ్లీషులో ఆయన పేరు చివరి హెచ్ లేదు. ఇప్పుడే పత్రికకు రాసి సవరణ వేయిస్తానని ఫోను తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"వద్దు. తప్పులన్నీ నావే అని రాస్కున్నవ్ గద, అన్నీ నీకేనా? ఇది నా పేరుల ఉన్నది. ఇది నాది."

ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళు అందరి తప్పులూ తీసేసిన మనిషికి తనదంటూ ఒక తప్పు కావాల్సి వచ్చిందేమో. ఆయన పోయి ఇప్పటికి రెండేళ్ళు. ఆ తర్వాత ఎన్నో వ్యాసాలు రాశాను, ప్రతిదీ పైకి చదివే పంపాను. ఆయన పేరులో ఆ అక్షరం మాత్రం ఇప్పటికీ లేదు, నేను పెట్టించను. దాని మీద చెయ్యి వేసే హక్కు నాకు లేదు.