కోరింగ దారిలో పోటు

కోరింగ మడ అడవుల పక్కన కారులో వెళ్తుంటే కొంగల గుంపు కనిపించింది. దగ్గర నుంచి చూద్దామని రోడ్డు దిగి, ఏటి పాయ ఒడ్డున ఆపాను. తిరిగి బయలుదేరబోతే ముందు చక్రాలు బురదలో కూరుకుపోయాయి.

పీతలు పట్టే ఒకావిడ గట్టు మీద నుంచి పరుగున వచ్చింది. "పోటొచ్చేత్తందండి, తొరగా కదలండి" అంది.

మాది సికింద్రాబాద్, కార్ఖానా. పోటంటే మాకు తెలిసింది నొప్పే. నా భార్య సునీత కంగారుగా మందుల సంచి తీసింది.

"యాడ నొస్తుందక్కా? జెర కూసో."

"నాక్కాదమ్మా, సముద్రం పోటు. అటు సూడండి."

పాయలో నీళ్ళు సముద్రం వైపు నుంచి మా మీదికి పారుతున్నాయి. చూస్తుండగానే చక్రాలను తాకాయి. ఆవిడ తన గోనెసంచులు చక్రాల కింద తొక్కి, నన్ను రివర్స్ గేరు వేయమంది. తను, సునీత నీళ్ళలో నిలబడి బానెట్‌ నెట్టారు. మూడోసారికి కారు గట్టెక్కింది. కాసేపటికే మేము ఆగిన చోట నడుం లోతు నీరుంది.

రొప్పుతూనే ఆవిడ అడిగింది. "మీ ఊళ్ళో పోటు రాదాండీ?"

"రాదక్కా" అంది సునీత. "మా చెరువుల నీళ్ళు ఏడున్నయ్ ఆడనే ఉంటయ్."

"అయ్యో, మరి అక్కడెలా ఉంటన్నారమ్మా?"

ఒళ్ళంతా బురదతో నిలబడి, ఆవిడ మా మీద నిజంగానే జాలిపడింది.