ఆస్ట్రేలియా నోటుబుక్కు

మూడేళ్లుగా అడుగుతున్నాను. మా తెలుగు సంఘంలో ఒక్కరూ సరైన జవాబు చెప్పలేదు. అందుకే ఇలా రాతలో పెడుతున్నాను.

దుబాయ్ అవతల ఫుజైరాలో ఒక క్వారీ లేబర్ క్యాంపు నా అజమాయిషీలో ఉంటుంది. 2020లో రాకపోకలు ఆగిపోయినప్పుడు నాలుగు వందల మందికి బియ్యం కొలిచి ఇచ్చాను. రోజూ హెడ్డాఫీసుకు మెయిలు పెట్టేవాణ్ణి. జవాబు వచ్చేది కాదు. ఆ రోజుల్లోనే, ఆస్ట్రేలియాకు ఖైదీల ఓడలతో వెళ్లిన తొలి ఇంగ్లీషు గవర్నరు గురించి చదివాను. తిండి చాలక అందరి రేషనూ కోసినప్పుడు తన పిండిని కూడా ఉమ్మడి గిడ్డంగిలో కలిపాడట. లండనుకు ఉత్తరాలు రాసి, ఓడ కోసం సముద్రం వైపు చూస్తూ ఉండేవాడట. ఆ ఎదురుచూపు నాకు తెలుసు, అందుకే అతడి కథ రాయడం మొదలుపెట్టాను. అలాగని అతణ్ణి దేవుణ్ణి చేయలేదు. ఆ నేల మనుషులను పట్టించి సంకెళ్లు వేయించినవాడూ అతడే. అదీ రాశాను.

రెండేళ్లు పట్టింది. చేత్తో రాసిన రెండు వందల పేజీల నోటుబుక్కు. జిరాక్స్ తీయించలేదు, నా తప్పు అదొక్కటే. ఉగాది సంచికలో వేస్తారని దుబాయ్ వెళ్లి సంఘం అధ్యక్షుడి చేతిలో పెట్టాను. అట్ట మీద ఆస్ట్రేలియా అని చూసి, తెరవకుండానే “మీ పని అయిపోతుంది లెండి” అన్నారు.

ఉగాది సభలో నన్ను చివరి వరుసలో కూర్చోబెట్టారు. అదీ మర్చిపోలేదు. సంచికలో అధ్యక్షుడి ఫొటోలు ఏడు ఉన్నాయి, నా పేజీ ఒక్కటీ లేదు. భోజనాల దగ్గర కార్యదర్శి భుజం తట్టాడు.

“ఏంటి గురువుగారూ, పీఆర్ ఎక్కడిదాకా వచ్చింది? ఎన్ని పాయింట్లు?”

“ఏ పీఆరండీ?”

“మా దగ్గర దాపరికమా! మీ ఆస్ట్రేలియా ఫైలు అధ్యక్షులవారు వీసా కన్సల్టెంటుకు పంపేశారుగా. వెళ్లాక మమ్మల్ని మర్చిపోకండేం!”

పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టి నా విస్తట్లో ఇంకో బొబ్బట్టు వేయించారు. ఇక్కడ మనవాళ్లకు ఆస్ట్రేలియా అంటే అక్కడే స్థిరపడే పీఆర్ వీసా ఒక్కటే.

మర్నాడే దుబాయ్ పాతబజారు నైఫ్‌లో ఆ కన్సల్టెంటు ఆఫీసుకు వెళ్లాను. “అందులో పాస్‌పోర్టు కాపీ లేదు, డిగ్రీ లేదు. మీ సంఘానికే తిరిగి పంపేశాం సార్, ఖలాస్” అంది అక్కడి అమ్మాయి. సంఘం మాత్రం అందలేదంటుంది.

వాట్సాప్‌లో అడిగిన ప్రతిసారీ అధ్యక్షుడు ఒక దణ్ణం బొమ్మ పెడతారు. దణ్ణం జవాబు కాదు. ఆ గవర్నరుకు ఆలస్యంగానైనా ఓడ వచ్చింది. అధ్యక్షులవారూ, నా నోటుబుక్కు ఎక్కడుంది? ఉందో, పారేశారో, రెండింటిలో ఒకటి చెప్పండి.