ఆమేన్ అంటేనే అన్నం

మొయినాబాద్ చౌరస్తాలో జయరాజ్ "చిల్కూర్, చిల్కూర్!" అని ఒక్క కేక వేస్తే చాలు, చేవెళ్ల బస్సు దిగిన జనం నేరుగా వచ్చి ఆయన ఆటోలో కూర్చునేవాళ్లు. అంత గొంతు! పోయిన వానాకాలం పక్షవాతం వచ్చి కుడి చేతితో పాటు ఆ గొంతునూ పట్టుకుపోయింది. చెయ్యి మెల్లగా తిరిగొచ్చింది గానీ మాట రాలేదు. "మాట్లాడే ప్రయత్నం చేయిస్తే వస్తుంది. ఊరుకున్నారో, ఇక అంతే," అన్నాడు దవాఖానలో డాక్టరు.

చేయించడానికి ఆయన భార్య కరుణమ్మకు మనసొప్పితే కదా! ఆయన చెంబు వైపు చూసేలోపే నీళ్లు తెచ్చేది. పెదవి కదిలితే దుప్పటి కప్పేది. పొద్దున గులాబీ తోటలో పూలు కోసి, మధ్యాహ్నానికల్లా ఇంటికి పరుగెత్తుకొచ్చి, ఆయన అడగకముందే అన్నీ అమర్చిపెట్టేది. మహాతల్లి! ప్రేమతోనే మొగుడి నోటికి తాళం వేస్తున్నానని పాపం ఆమెకు తట్టలేదు.

వాకిట్లో మూలపడ్డ ఆటో వెనక సీట్లో ఓ వీధికుక్క ఈనింది. పిల్లల్ని వీధివాళ్లు తలా ఒకటి పట్టుకుపోగా ఒకటి మిగిలింది. ఆటోలో పుట్టింది కాబట్టి దానికి మీటరు అని పేరు పెట్టింది కరుణమ్మ. జయరాజ్ జన్మలో మీటరు వేసి ఆటో నడిపినవాడు కాదు. ఆ పేరు విని, ఎన్నాళ్లకో ఫక్కున నవ్వాడు.

అమ్మో, అది చేసిన ఆగడం! చెప్పులు కొరికింది, చాప తడిపింది. అన్నిటినీ మించి, ప్రార్థన కాకముందే కంచంలో మూతి పెట్టింది. ఆ ఇంట్లో కళ్లు మూసుకుని ఆమేన్ అననిదే ఎవరూ ముద్ద ముట్టరు. కరుణమ్మ చీపురు ఎత్తింది.

"కొట్టకే!" అంది గోడ అవతలి నుంచి బాలనర్సమ్మ. మేకల మందకు కుక్కల్ని సాకిన ముసలామె. "కొడితే నిన్ను జూసి దాస్కుంటది గని ఏం నేర్సుకోదు. తినంగనే బయటికి తీస్కపో. ఆడ పోస్తే మెచ్చుకో. తిండి కాడ ఒక్కటే మాట పెట్టు. ఆ మాట నువ్వు అనేదాంక ముట్టనియ్యకు. జాలిపడి ఒక్కపారి ఇడిస్తివా, ఇగ నీ నెత్తినెక్కుతది."

"ఏం మాట పెట్టాలె అవ్వా?"

"అన్నం ముంగట మీరు అంటరు గద, గదే పెట్టు."

కరుణమ్మ గిన్నె ఎత్తి పట్టుకుంది. మీటరు ఎగిరితే గిన్నె పైకి, కూర్చుంటే కిందికి. ఆమేన్ అన్నాకే తిననిచ్చేది. అది ఎంత కుయ్యోమన్నా ఆమె పంతం వదల్లేదు. కొన్నాళ్లకు గిన్నె ముందే ఉన్నా, ఆ మాట చెవినపడేదాకా బుద్ధిగా కూర్చోవడం అలవాటైంది దానికి. చాప తడపడమూ మానింది.

ఒక మధ్యాహ్నం మీటరు ముందు గిన్నె పెట్టిందో లేదో, వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. బిందె పట్టుకుని ఉరికింది కరుణమ్మ. తిరిగొచ్చి గడపలోనే ఆగిపోయింది.

మీటరు చొంగ కారుస్తూ కూర్చునే ఉంది. మంచం మీద నుంచి జయరాజ్ తినమని చెయ్యి ఊపాడు. అది కదల్లేదు. కాలితో గిన్నె దగ్గరికి జరిపాడు. ఊహూఁ, ఆయన మొహంలోకే చూస్తోంది.

"ఆ..." అన్నాడు. మీటరు చెవులు నిక్కించింది. "ఆ... మ..." లేవబోయి మళ్లీ కూర్చుంది. ఇన్నాళ్లూ సగం సగం కూతలకే అందరూ పరుగులు పెట్టారు. ఈ కుక్కకు మాత్రం పూర్తి మాట కావాలి! జయరాజ్ నుదుట చెమట పట్టింది, కోపం ముంచుకొచ్చింది.

ఆ మాట కరుణమ్మ నాలుక చివరనే ఉంది. తను అనేస్తే అయిపోతుంది, ఆయనకీ యాతన తప్పుతుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. చంకలో బిందె తొణికి చీరంతా తడిసిపోయినా మెదల్లేదు.

"ఆ... మే... న్!"

మీటరు మూతి గిన్నెలో పడింది.

జయరాజ్ రొప్పుతూ తలెత్తి భార్యను చూశాడు. తర్వాత, అలవాటు కొద్దీ, నీళ్ల చెంబు వైపు చూశాడు. కరుణమ్మ బిందె దించి, చెంబు చేతిలోకి తీసుకుని, ఆయన ఎదురుగా మీటరు పక్కన కూర్చుంది. కన్నీళ్లు ధారలు కడుతున్నాయి.

"ఏం గావాలె? చెప్పు," అంది. "చెప్పేదాంక ఇయ్య."