చేని పొరుగు

రాయకోట దగ్గర కెంపమ్మకు ఉన్నవి రెండు ఆవులు, ముప్పావు ఎకరం రాగి చేను, ఒక పగ. ఆవులకూ చేనికీ ఏటా ఏదో ఒక తెగులు వచ్చేది గానీ, పగ మాత్రం దిట్టంగా ఉండేది.

ఆ పగ పక్క చేని చెన్నరాయప్ప మీద. ఆమె ఆవు తన బీన్సు తీగలు మేసిందని ఆయన, ఆమె చేనికి పోయే గట్టు మీది దావకు ముళ్ల కంప కొట్టేశాడు. ఈ దావ తొక్కితే ఊరుకోనన్నాడు. అప్పటినుంచి ఆమె గుట్ట చుట్టూ తిరిగి చేనికి పోతోంది. రెండిళ్ల మధ్యా మాటల్లేవు.

మొగుడు పోయాక కెంపమ్మ యేసును నమ్ముకుంది. విన్నమాటను విన్నట్టే పట్టుకునే మనిషి. ఒక ఆదివారం రేకుల చర్చిలో పాస్టరు పొరుగువాణ్ణి ప్రేమించమని చెప్పేసరికి ఆమెకు ఒళ్లు మండింది. ప్రార్థన కాగానే ఆయన్ను పట్టుకుంది.

"అయ్యా, మా చెన్నరాయప్ప సంగతి మీకెవురు చెప్పినారు?"

"ఏ చెన్నరాయప్ప అమ్మా?"

"మా చేని పొరుగు."

పాస్టరు నవ్వాడు. పొరుగంటే పక్క చేనివాడొక్కడే కాదు, లోకంలో అందరూ పొరుగేనని విడమరిచి చెప్పాడు.

"అందరైతే సులువే అయ్యా. ఆ ఒక్కడితోనే కష్టము" అని ఆమె ఇంటికి పోయింది.

ఆ వారంలోనే చెన్నరాయప్ప పెళ్లాం మంజులమ్మ చేని దగ్గరి పశువుల పాకలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆయన ఆమెను కృష్ణగిరి ఆసుపత్రికి తీసుకుపోయాడు. మర్నాడు తెల్లారేసరికి వాళ్ల ఆవు పొదుగు బిగిసి ఒకటే అరుపు. అది తన్నే ఆవని ఊళ్లో ఎవరూ దగ్గరికి పోలేదు. కెంపమ్మ చెవుల్లో కొంగు కుక్కుకుని తన ఆవుల పేడ ఎత్తింది. అరుపు ఆగలేదు. పోతే లొంగిపోయిందని ఊరు నవ్వుతుంది. పోకపోతే పొదుగు చెడుతుంది. కాసేపటికి బకెట్ తీసుకుని లేచింది.

రెండు పూటలా పాలు పిండి, సొసైటీలో ఆయన పేరుకే పోసింది. మూడోనాడు చెన్నరాయప్ప తిరిగొచ్చేసరికి ఆమె పాకలోనే కూర్చుని ఉంది.

"నిన్నెవురు రమ్మన్నారు?"

"నీ ఆవు."

ఆయన పొదుగు తడిమి చూశాడు. "యా దావన వచ్చినావు?"

"గుట్ట చుట్టూ తిరిగి. నీ దావ తొక్కలేదప్పా, బయపడొద్దు."

ఆయన చాలాసేపు ఆవు వీపు నిమిరాడు. "రేపట్నుంచి గట్టు మీదనే రా."

"కంప నేను తియ్యను. ఏసినోళ్లే తియ్యాల."

ఆయన గట్టు మీదికి పోయి కంప లాగాడు. ఎండిన తుమ్మముల్లు అరచేతిలో సగం దిగి విరిగింది. వెనకే వచ్చిన కెంపమ్మ జాకెట్టుకున్న పిన్నీసు తీసి, ఆయన చెయ్యి లాక్కుని గట్టు మీద కూర్చోబెట్టింది.

"అందరైతే ఎంత సులువు" అని గొణిగింది.

"ఏమంటివి?"

"నీకు కాదులే. కదలకుండా ఉండు."