పొరుగింటి రాజుగారి దస్త్రం

మా పక్కింట్లో ఉండే నైజీరియా అమ్మాయి తన తండ్రిని వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చిన రోజున నా దినచర్య పుస్తకంలో రాసుకున్నది ఒకే వాక్యం: “పక్కింటి ఫార్మసిస్టు తండ్రి వచ్చారు, రాజు అంటున్నారు, ధ్రువీకరించవలసి ఉంది.”

ఇందులో అమర్యాద ఏమీ లేదు. నేను ఇక్కడ అమెరికాలో, క్యారీ అనే ఊరి దగ్గర ఒక మందుల కంపెనీలో ముప్పై ఒక్క సంవత్సరాలు రికార్డుల విభాగంలో పనిచేసినవాడిని. అక్కడ కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క. పొరపాటు రాస్తే దాని మీద ఒకే ఒక గీత గీసి, పక్కన పొడి అక్షరాలు, తేదీ వేయాలి. చెరపడం, తెల్లరంగు పూయడం నేరాలు. పదవీ విరమణ చేసినా ఆ పద్ధతి నన్ను విడిచిపెట్టలేదు. మా ఇంట్లో నీళ్ళ హీటరుకు కూడా ఒక ఫైలు ఉంది. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది.

ఆ అమ్మాయి నన్ను అంకుల్ అని పిలుస్తుంది. మా మాటలు ఇంగ్లీషులో జరిగినవే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

“అంకుల్, మా నాన్న. ఊళ్ళో రాజు. ఇక్కడ మాత్రం మోకాలి పేషెంటు. మీరు పెద్దగా పట్టించుకోకండి” అంది.

ఆయనకు డెబ్బై దాటాయి. ఆజానుబాహువు. చేతికర్ర, నెత్తిన ఆస్పత్రివాళ్ళు ఉచితంగా ఇచ్చిన ఎండ టోపీ. కూతురు తలుపు దగ్గరే మోకాళ్ళ మీద వంగి ఆయన బూట్లు విప్పింది. మా ఆవిడ ఆ రోజు బొబ్బర్ల వడలు వేస్తోంది. ఆయన ఒకటి కొరికి, కళ్ళు మూసుకుని, “అకరా” అన్నారు. వాళ్ళ ఊళ్ళో పొద్దున్నే అవే బొబ్బర్లు నానబెట్టి, అలాగే రుబ్బి, అలాగే నూనెలో వేస్తారట. ఆ విషయం ధ్రువీకరించవలసిన అవసరం రాలేదు.

వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ అడిగింది. “ఏమండీ, నిజంగా రాజేనంటారా?”

“కాగితాలు చూడాలి.”

“మన పెళ్ళి కాగితాలే ఇంతవరకు రిజిస్టర్ చేయించలేదు. ఆయన్ని అడుగుతారా?”

మర్నాటి నుంచి మేమిద్దరం పొద్దున్నే చెరువు చుట్టూ నడిచేవాళ్ళం. ఆయన మోకాలికి నడక అవసరం. నాకు డాక్టరు చెప్పాడు. తమ యోరుబా జాతిలో రాజును ‘కబియేసి’ అని సంబోధించాలని కూతురు చెప్పింది. ఎవరూ ప్రశ్నించడానికి వీల్లేనివాడు అని దాని అర్థమట. ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రశ్నించడమే ఉద్యోగంగా బతికినవాడికి ఆ మాట నోట్లో తిరగడం కష్టం. నేను ‘సర్’ అనేవాడిని. ఆయన నడుస్తూ నడుస్తూ, “మీ పుస్తకంలో నేను ఇంకా రాజును కాలేదా?” అని అడిగేవారు. “పరిశీలనలో ఉంది సర్” అనేవాడిని. ఆయనకు ఆ జవాబు చాలా నచ్చేది. రోజూ అడిగేవారు.

నడకల్లో తెలుసుకున్న సంగతి ఇది. ఆయనది నైజీరియాలో యోరుబా వాళ్ళ చిన్న పట్టణం. పందొమ్మిదో శతాబ్దంలో ఆ ప్రాంతం ఎమీరు అనే ఒక ముస్లిం ప్రభువు పాలన కిందికి వచ్చింది. తరువాత వచ్చిన బ్రిటిష్ వాళ్ళకు ప్రతి ఊరి రాజుతోనూ మాట్లాడడం శ్రమ అనిపించి, ఎమీరు ఒక్కడితోనే మాట్లాడారు. బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోయారు, ఏర్పాటు మిగిలింది. ఈనాటికీ ఆ పట్టణానికి ఎవరు పెద్ద అన్నది ఎమీరు సిఫారసు చేస్తే ప్రభుత్వం గుర్తిస్తుంది. ఊరి జనం ఈయనకు పూసల కిరీటం పెట్టారు. ప్రభుత్వ జాబితాలో మాత్రం ఈయన ‘గ్రామపెద్ద’, అదీ తాత్కాలికంగా. ఎందుకంటే గ్రామపెద్ద ఎమీరు ఎదుట కూర్చుని తలపాగా చుట్టించుకోవాలి. ఈయన పద్నాలుగేళ్ళుగా వెళ్ళలేదు.

మతం సంగతేమిటని అడిగాను. ఆయన ఆగి నా వంక చూశారు. “నేనూ ముస్లింనే. పండగకు నేనే తలపాగా కట్టుకుంటాను. అద్దంలో చూసుకుని మరీ కట్టుకుంటాను. నా తలపాగా ఇంకొకరు చుడితే నా కిరీటం కూడా వాళ్ళదే అవుతుంది.”

మోకాలి ఆపరేషనైన ఆరో వారంలో ఎమీరు కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఊళ్ళో ఎవరో ఫోటో తీసి కూతురి ఫోన్‌కు పంపేసరికి దాని మీది తేదీకి పాతిక రోజులైంది. తొంభై రోజులలోగా హాజరై తలపాగా స్వీకరించాలి. లేనిచో పదవి ఖాళీ అయినట్టు ప్రకటించి, అర్హుడైన మరొకరిని సిఫారసు చేయడం జరుగుతుంది. ఆ మరొకరు ఎవరో అందరికీ తెలుసు: ఆయన పినతండ్రి కొడుకు, స్కూలు ఇన్‌స్పెక్టరు. మోకాలి డాక్టరు చూస్తే నాలుగు నెలలు విమానం ఎక్కవద్దన్నాడు.

ఆ సాయంత్రం వాళ్ళ వంటింట్లో నేనూ ఉన్నాను. కూతురు, “డాడీ, ఒక బట్ట ముక్క. నాలుగు నెలలు గడువు అడుగుదాం, వెళ్ళి పది నిమిషాలు కూర్చోండి. అయిపోతుంది” అంది.

“పది నిమిషాలు కాదు. నా తరువాత వచ్చేవాడూ కూర్చోవాలి. వాడి తరువాతి వాడూ కూర్చోవాలి. నా తండ్రి కూర్చోలేదు.”

“తాతగారు కూర్చోలేదు కాబట్టే ఆయన పేరు ఏ జాబితాలోనూ లేదు!”

ఆయన టీ తాగారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి ఎవరో, ఆ మనిషి లేనప్పుడు, వేరే ఊళ్ళో, ఒక జాబితా చూసి తేల్చడమా? మూలపత్రం ఎక్కడ? పరిశీలించిందెవరు? సంతకం ఎవరిది? ఆ రాత్రికి రాత్రే కాకపోయినా, మర్నాడు పొద్దున ఎనిమిదింటికి కొత్త ఫైలు తెరిచాను.

ఆరు వారాలు పట్టింది. రాజవంశ వృక్షం, పదహారు తరాలు. ఆయన తాత కిరీటంతో కూర్చున్న పాత ఫోటో. ఒక తెల్లదొర ఆ తాతనే ‘రాజు’ అని సంబోధిస్తూ పన్ను వసూలు గురించి రాసిన ఉత్తరం. అతనికి పన్ను కావలసినప్పుడు రాజని తెలిసింది. ఎమీరు సంస్థానం వారి వాదన కూడా నిజాయితీగా ఒక అనుబంధంలో రాశాను: ఆ భూభాగంలో అధికారమంతా ఎమీరు ద్వారానే సంక్రమిస్తుందని, ఊరికొక కిరీటమైతే వ్యవస్థ నిలవదని. వాళ్ళ దగ్గర కాగితాలున్నాయి. మా దగ్గరకన్నా ఎక్కువే ఉన్నాయి. నాకు అసలు కోపం అదే.

వినతిపత్రం మొత్తం నలభై ఒక్క పేజీలు. “నేను ఫలానా పట్టణానికి రాజును” అన్న వాక్యంతో మొదలై, అదే వాక్యంతో ముగిసింది. మా భోజనాల బల్ల మీద రెండు ప్రతులు పెట్టి, కలం మూత తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివారు. గంటన్నర పట్టింది. మా ఆవిడ రెండుసార్లు టీ ఇచ్చింది. తరువాత ఆయన కలానికి మూత పెట్టేశారు.

“మీ నాన్నగారు ఏం చేసేవారు?” అని అడిగారు.

సంతకానికీ దీనికీ సంబంధం ఏమిటో తెలియలేదు. “కరణం. ఊరి భూముల లెక్కలు రాసే ఉద్యోగం. వంశపారంపర్యం. ఒకరోజు ప్రభుత్వం ఒక్క ఉత్తర్వుతో రద్దు చేసింది” అని చెప్పాను.

“రద్దయ్యాక ఊళ్ళో ఆయన్ని ఏమని పిలిచేవారు?”

“కరణంగారనే.”

“ఎన్నాళ్ళు?”

“పోయేదాకా. మా ఇంటిని ఇప్పటికీ కరణంగారి ఇల్లనే అంటారు.”

“నేను కరణాన్ని అని ఆయన ఎవరికైనా రాసిచ్చారా?”

“లేదు. ఆయనకు అది తలవంపులుగా ఉండేది.”

ఆయన నా నలభై ఒక్క పేజీలను రెండు చేతులతో, పసిపిల్లను పడుకోబెట్టినంత జాగ్రత్తగా బల్ల మధ్యకు జరిపారు. “మా పద్ధతిలో రాజు తనను తాను రాజు అనడు. అనకూడదు. ఏడు కుటుంబాల పెద్దలు కలిసి ఒకడిని రాజు అంటారు. వాళ్ళు అనకపోతే నేను అన్నా లాభం లేదు. వాళ్ళు అంటే నేను అనక్కర్లేదు. మీరు చాలా బాగా రాశారు. రాయకూడనివాడి పేర రాశారు.”

వంటింట్లోంచి మా ఆవిడ, “మొదటి రోజు నుంచీ వీరిది ఇదే వరస. ఫార్మాటు చూసుకుంటారు గానీ మనిషిని అడగరు” అంది తెలుగులో. ఆయనకు అర్థమైనట్టే నవ్వారు.

ముప్పై ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో నేను తిరస్కరించిన దస్తావేజులు లెక్కలేనన్ని. నాది తిరస్కరణకు గురికావడం అదే మొదలు. కారణం సరైనది కావడం వల్ల వాదించే అవకాశం కూడా లేకపోయింది. మొదటి వాక్యం మీద ఒకే గీత గీసి, పొడి అక్షరాలు వేశాను.

గడువుకు ఇరవై రెండు రోజులున్నాయి. వినతిపత్రాన్ని ఏడుగురు పెద్దల పేర తిరగరాసి పంపాను. వాళ్ళ సంతకాలు ఫోన్‌లో ఫోటోలుగా రావడం మొదలైంది. ఒకాయన వేలిముద్ర వేసి, అదే వేలు కెమెరాకు అడ్డం పెట్టి ఫోటో తీయించారు. నాలుగో కుటుంబం పెద్ద సంతకం చేయనన్నారు. తమ పేరు మూడో స్థానంలో ఉండాలట. ఊరు కట్టిన మూలపురుషుడితో కలిసి వచ్చింది తామేనని, మూడో కుటుంబం వారం రోజులు ఆలస్యంగా వచ్చిందని ఆయన వాదన. ఆ వారం జరిగి కొన్ని శతాబ్దాలైంది. మూడో కుటుంబం దీన్ని అంగీకరించలేదు. ఎమీరుతో తగువు ఒకవైపు అలాగే ఉండగా, నేను ఈ తగువుకు వేరే ఉపఫైలు తెరిచాను.

“మీరు ఒక్క మాట చెబితే సర్దుకుంటారు కదా సర్” అన్నాను, చెరువు దగ్గర.

“చెప్పను. వాళ్ళ వరస వాళ్ళు తేల్చుకోవాలి. నేను చెబితే నేనూ ఎమీరునే.”

చివరికి పేర్లను ఒకదాని కింద ఒకటి కాకుండా గుండ్రంగా రాశాను. అది తొమ్మిదో కూర్పు. “మీకు తగ్గవాళ్ళే దొరికారు” అంది మా ఆవిడ. గడువుకు నాలుగు రోజుల ముందు పత్రం ఎమీరు కార్యాలయంలో చేరింది. స్టాంపు వేసిన రసీదు ఫోటో నా దగ్గర ఉంది.

జవాబు రెండు వాక్యాలు. ఈ ఏడుగురిని రాజును ఎన్నుకొనే పెద్దలుగా ఎవరు గుర్తించారో తెలియనందున పత్రాన్ని తిప్పి పంపుతున్నామని మొదటిది. తగిన విధంగా, గుర్తింపు పొందిన గ్రామపెద్ద ద్వారా సమర్పించుకోవచ్చునని రెండోది. అదే తేదీన అదే కార్యాలయం గ్రామపెద్ద పదవి ఖాళీ అయినట్టు ప్రకటించింది. పన్నెండో రోజున స్కూలు ఇన్‌స్పెక్టరు గారికి ఎమీరు సమక్షంలో తలపాగా చుట్టారు.

ఆ వీడియో కూతురు నాకు చూపించింది. చూపిస్తూ ఏడ్చింది. పది నిమిషాలు కూర్చోమన్నది తానేనని ఆమెకు గుర్తుంది; ఏడ్చింది తండ్రి కూర్చోనందుకో, తాను కూర్చోమన్నందుకో నాకు తెలియదు. ఆయన వీడియో అడగలేదు. డాక్టరు అనుమతించిన మొదటి వారంలోనే టికెట్టు తీయించుకున్నారు. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ తోసే ఉద్యోగి ఆయన పేరు రెండు సార్లు తప్పుగా పిలిచాడు. ఆయన రెండు సార్లూ పలికారు.

మూడు వారాల తరువాత ఫోన్ చేశారు. నేను ముందుగా రాసుకున్న ప్రశ్నలు చదవడం మొదలుపెట్టాను: పట్టణంలో పరిస్థితి ఏమిటి, రాజభవనంలోకి రానిచ్చారా, కిరీటం ఎవరి అధీనంలో ఉంది.

“ఒక్కొక్కటే అడగండి. నా ఇంట్లోనే ఉన్నాను. మా తమ్ముడు వచ్చాడు.”

“ఏ తమ్ముడు?”

“గ్రామపెద్ద. నేను వచ్చిన రెండో రోజే వచ్చాడు. ముంగిట్లో నేల మీద బోర్లా పడుకుని దండం పెట్టాడు. మా పద్ధతి అది. ఏడు కుటుంబాల వాళ్ళూ అక్కడే ఉన్నారు. పడుకునేసరికి తలపాగా ఊడిపోయింది.”

“తరువాత?”

“నేను చుట్టాను. సరిగా రాలేదు. పాపం, వాడు అలాగే ఆఫీసుకు వెళ్ళాడు. అడవి సరిహద్దు తగువు ఒకటుంది, ఏం రాయాలని నన్ను అడిగాడు. చెప్పాను. అదే రాశాడు.”

నేను లేచి నిలబడ్డాను. ఆరు వారాలు, తొమ్మిది కూర్పులు, పదహారు తరాలు వెతికినా దొరకని సాక్ష్యం. ప్రభుత్వం గుర్తించిన అధికారే, ఏడుగురు సాక్షుల ఎదుట, ఎవరు రాజో ఒప్పుకున్నాడు. “సర్, ఏడుగురి చేత ఒక్క పేజీ వాంగ్మూలం రాయించండి. ఫార్మాటు నేను ఇప్పుడే పంపిస్తాను” అన్నాను.

“వద్దు.”

“ఒక్క పేజీ సర్.”

“ఆ పేజీ ఆ ఆఫీసుకు చేరిన రోజున వాడి పదవి పోతుంది. ఇంకొకడిని పెడతారు. వాడు వచ్చి పడుకోడు.”

వాదించాను. అది న్యాయం కాదన్నాను. జరిగినదాన్ని జరిగినట్టు రాయకపోవడం నా దృష్టిలో అబద్ధంతో సమానమన్నాను. ఆయన చివరిదాకా విని, “మీ ఇంట్లో వడలు ఎప్పుడు వేస్తున్నారు?” అని అడిగి ఫోన్ పెట్టేశారు. ఊరి పేరు, మనుషుల పేర్లు లేకుండా తెలుగులో రాసుకుంటానని తరువాత అనుమతి అడిగాను. ఆ ఆఫీసులో తెలుగు చదివేవాళ్ళెవరూ లేరని నిర్ధారించుకుని ఒప్పుకున్నారు.

రెండో వినతిపత్రం, ఆ కార్యాలయం కోరినట్టే, గుర్తింపు పొందిన గ్రామపెద్ద ద్వారా వెళ్ళింది. అన్నగారిని రాజుగా గుర్తించమని కోరే ఆ కాగితం మీద తమ్ముడు ‘సిఫారసు చేయడమైనది’ అని రాసి సంతకం పెట్టాడు. ముప్పై ఎనిమిది పేజీలు. ముంగిట్లో జరిగిన సంగతి అందులో లేదు. జవాబు ఇంకా రాలేదు. ప్రతి సోమవారం గుర్తుచేస్తూ ఒక ఉత్తరం పంపుతున్నాను.