లెస్టర్‌కి గాలి ఆగాలి

మా హోబార్ట్ ఫొటో క్లబ్బులో లెస్టర్ పైబస్‌కి ఉన్నది ఒకటే జబ్బు: ఆకు కదిలితే కెమెరా నొక్కడు. అడవిలో ట్రైపాడ్ పాతి, "గాలి ఆగాలి" అంటూ నిలబడిపోతాడు. టాస్మేనియాలో గాలి ఆగడమంటే మాటలా! మేం మాంసం పైలు తిని, టీలు తాగి, ఇళ్లకు బయల్దేరేవేళకీ అక్కడే ఉంటాడు.

"ఇంట్లోనూ ఇంతేనా?" అని అతని భార్య గ్లెనిస్‌ని అడిగాను.

"మా పెళ్లిలో నా మేలిముసుగు ఎగురుతోందని ఫొటోగ్రాఫర్ చెయ్యి పట్టుకు ఆపేశాడీయన. చర్చి మెట్ల మీద ఎండలో నేను మాడాను, లోపల కేకు కరిగింది," అంది.

కిందటి ఏప్రిల్‌లో, మాకది ఆకురాలే కాలం, కొండ మీది ఫేగస్ చెట్ల ఆకులు పసుపెక్కాయని కబురొస్తే క్లబ్బంతా కొండెక్కాం. మాలో పెద్దావిడ థెల్మా కూడా వచ్చింది. ఆమె చూపు మసకబారుతోంది; వచ్చే ఏటికి ఈ పసుపు కనిపించదని డాక్టరు చెప్పేశాడు. ఈలోగా ఒక్క ఫొటో తన చేత్తో తీసుకోవాలని ఆమె ఆశ. మోకాళ్లు సహకరించక బాగా వెనకబడింది.

వాన ముంచుకొస్తోంది. చెట్లు బాగా కనబడేది చెక్క బాట చివరి నుంచే, అక్కడ ఒక్క ట్రైపాడ్‌కే చోటు. లెస్టర్ అందరికంటే ముందు పరుగెత్తి తనది పాతి, పైన వాన కవరు కప్పేశాడు. మాకు ఒళ్లు మండింది.

"ఒరేయ్ లెస్టర్, నొక్కి చావరా!" అన్నాడు గావిన్.

"గాలి ఆగాలి."

"వానొస్తే మా గతేంటి?"

"తడుస్తారు."

చివరికి థెల్మా కర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చింది. సరిగ్గా అప్పుడే గావిన్ టోపీ ఎగిరి లోయలో పడింది.

"గాలి ఆగింది. రండి థెల్మా," అన్నాడు లెస్టర్.

ట్రైపాడ్ మీది వాన కవరు తీశాడు. కింద కెమెరా లేదు, టీ ఫ్లాస్కు ఉంది! ఇంతసేపూ ఆమె చోటుకి కాపలా కాశాడన్నమాట. నాకు అతనెంత ముద్దొచ్చాడో చెప్పలేను. ఆమె కెమెరా బిగించి పక్కకు తప్పుకున్నాడు. ఆమె నొక్కింది, వాన అందుకుంది. మాకెవరికీ ఒక్క ఫొటో దక్కలేదు.

తర్వాత క్లబ్బులో ఆ ఫొటో అచ్చేసి చూశాం. ఆకులన్నీ కలిసిపోయి ఒకటే పసుపు ముద్ద. థెల్మా దాన్ని ముక్కుకి ఆనించుకుని చూసింది.

"అచ్చం నాకు కనిపించినట్టే వచ్చిందర్రా!" అని మురిసిపోయింది.

గావిన్ గొణుక్కుంటూ లేచి, గోడ మీది తన బహుమతి ఫొటో దించి, ఆ మేకు థెల్మా ఫొటో కోసం ఖాళీ చేశాడు.